ఖాళీగా ఉన్న ల్యాప్‌టాప్ ఎందుకు వేడెక్కుతోంది: పన్నెండు రోజుల ప్రాజెక్టు డైరీ

మొదటి రోజు

ఏ ప్రోగ్రామూ తెరవకుండా బల్ల మీద ఊరికే వదిలేసిన ల్యాప్‌టాప్‌లో ఫ్యాన్ ఆగకుండా తిరుగుతోంది. కీబోర్డుకు పైన, తెర మడత దగ్గర, వేలు ఎక్కువసేపు ఆనించలేనంత వేడిగా ఉంటోంది. చార్జర్ తీసి పని మొదలుపెడితే గంటా నలభై నిమిషాలకల్లా బ్యాటరీ అడుగంటుతోంది. నాలుగేళ్లు వాడిన బ్యాటరీ కదా, సహజమేనని చాలా నెలలు సరిపెట్టుకున్నాను. కానీ బ్యాటరీ పాతబడితే నిల్వ తగ్గాలే తప్ప, పనేమీ చేయని యంత్రం ఇంత వేడెక్కకూడదు. ప్రాసెసర్ తీసుకున్న విద్యుత్తు దాదాపు అంతా చివరికి వేడిగానే బయటికి వస్తుంది కాబట్టి, వేడి ఉన్నదంటే నాకు కనబడకుండా ఎవరో పని చేయిస్తున్నారని అర్థం. వేడి, బ్యాటరీ అనేవి రెండు సమస్యలు కావు, ఒకటే.

ఈసారి ఊహతో ఏ ప్రోగ్రామునూ తీసేయకూడదని, ముందు కొలిచి తర్వాతే చేయి పెట్టాలని నిర్ణయించుకున్నాను. విండోస్ 11లో ఆదేశాలు టైప్ చేసే కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, విద్యుత్తు వాడకం వివరాలు చూపే పవర్‌సీఎఫ్‌జీ (powercfg) ఆదేశానికి బ్యాటరీ రిపోర్ట్ అన్న మాట చేర్చి నడిపితే ఒక నివేదిక ఫైల్ తయారవుతుంది. అందులో బ్యాటరీ తయారైనప్పటి సామర్థ్యం, ఇప్పుడు నిండుగా చార్జ్ చేస్తే పట్టే సామర్థ్యం, ఏ సమయంలో ఎంత శక్తి ఖర్చయింది అన్న వివరాలు మిల్లీవాట్ అవర్లలో ఉంటాయి. నా యంత్రంలో మొదటి సంఖ్య 50,000, రెండవది 38,600. అంటే బ్యాటరీ 77 శాతం దగ్గర ఉంది. అరుగుదల నిజమే, కానీ ఆరు గంటలు రావలసిన బ్యాటరీ రెండు గంటలు కూడా రాకపోవడానికి అది సరిపోదు.

రెండవ రోజు

కొలిచే పద్ధతిని స్థిరపరచుకున్నాను. ప్రతిసారీ బ్యాటరీ నిండుగా ఉండాలి. తెర వెలుతురు 40 శాతం, వైఫై ఆన్‌లో, రీస్టార్ట్ చేసిన తర్వాత పది నిమిషాలు ఆగాలి, ఎందుకంటే యంత్రం లేచిన కొత్తలో జరిగే హడావిడి అసలు లెక్కను పాడుచేస్తుంది. ఆ తర్వాత చార్జర్ తీసి, మౌస్‌ను కూడా ముట్టుకోకుండా అరగంట వదిలేయాలి. ఒక మార్పు తర్వాత ఒక కొలత తీయాలి, రెండు మార్పులు ఒకేసారి చేయకూడదు.

మొదటి కొలతలో అరగంటకు 8,700 మిల్లీవాట్ అవర్లు పోయాయి, అంటే సగటున 17.4 వాట్లు. ఆ లెక్కన నిండు బ్యాటరీ, నేను ఏ పనీ చేయకపోయినా, 2 గంటల 13 నిమిషాల్లో ఖాళీ అవుతుంది. ప్రాసెసర్ ఉష్ణోగ్రత 78 డిగ్రీల సెల్సియస్. ఇటువంటి యంత్రం ఖాళీగా ఉన్నప్పుడు ఆరేడు వాట్లకు మించి తీసుకోకూడదు.

మూడవ రోజు

వేడికి దుమ్ము కూడా కారణం కావచ్చన్న అనుమానాన్ని ముందే తీర్చుకోవడం మంచిదనిపించి, అడుగు మూత విప్పి ఫ్యాన్ రెక్కల మీద, గాలి బయటికి పోయే రాగి పలకల సందుల్లో పేరుకున్న దుమ్మును తీశాను. ఉష్ణోగ్రత 78 నుంచి 73కి దిగింది, విద్యుత్తు ఖర్చు మాత్రం అక్కడే ఉంది. దుమ్ము వేడిని లోపల బంధిస్తుంది గానీ వేడిని పుట్టించదు కదా.

నాల్గవ రోజు

అందరూ మొదట చేసే పనే నేనూ చేశాను. ఏ ప్రోగ్రామ్ ఎంత పని చేస్తోందో చూపే విండోస్ సాధనం టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ జాబితా తెరిచి, యంత్రంతో పాటు లేచే 14 ప్రోగ్రాముల్లో తొమ్మిదింటిని ఆపేశాను. బ్రౌజర్ కిటికీ మూసినా వెనుక నడుస్తూ ఉండేందుకు వీలిచ్చే సెట్టింగును కూడా తీసేశాను. 17.4 వాట్లు 16.1కి తగ్గాయి. ఇంత పనికి ఇంత తక్కువ ఫలితమా అని నిరుత్సాహం కలిగింది, కానీ తర్వాత ఆలోచిస్తే కారణం తెలిసింది. స్టార్టప్ జాబితా ఒక్క తలుపు మాత్రమే. తెర మీద కనబడకుండా వెనుక నడిచే సర్వీసులు, నిర్ణీత సమయాల్లో పనులు మొదలుపెట్టే టాస్క్ షెడ్యూలర్‌లో నమోదైన పనులు ఆ తలుపు గుండా రావు, అందుకని ఆ జాబితాలో కనబడవు.

ఐదవ రోజు

ఈ రోజు చాలాసేపు టాస్క్ మేనేజర్ ముందే కూర్చున్నాను. అది తెరిచిన క్షణంలో ప్రాసెసర్ వాడకం 30 శాతం దాటి కనబడుతుంది, అయిదారు సెకన్లకు మూడు నాలుగు శాతానికి దిగుతుంది. మొదట కనబడే ఆ ఉరవడిలో కొంత టాస్క్ మేనేజర్ తన కోసం తాను వాడుకున్నదే. తర్వాత అంతా ప్రశాంతంగా ఉంటుంది. నేను చూస్తున్నంతసేపూ ఫ్యాన్ కూడా నెమ్మదిస్తుంది. లేచి వెళ్లి పది నిమిషాల తర్వాత తిరిగి వస్తే మళ్లీ హోరు.

దొంగను పట్టుకోవడానికి దీపం పట్టుకుని వెళితే దొంగ దొరకడు. నిజానికి ఇక్కడ ఎవరూ దొంగతనం చేయడం లేదు, మర్యాదగానే నడుచుకుంటున్నారు. ఫైళ్లలోని మాటలకు సూచిక తయారుచేసే సెర్చ్ ఇండెక్సర్, మనం కీబోర్డు, మౌస్ వాడుతున్నామని గమనించగానే తన వేగాన్ని తగ్గించుకుని, మనం పక్కకు వెళ్లాక పూర్తి వేగంతో పనిలోకి దిగుతుంది. వాడేవారికి అడ్డు రాకూడదని కావాలనే అలా రూపొందించారు. యాంటీవైరస్‌లో గడువు ప్రకారం జరిగే తనిఖీలు కూడా ఖాళీ సమయం కోసమే ఎదురుచూస్తాయి. కనుక యంత్రం ముందు కూర్చుని చూసే అంకె, యంత్రం ఒంటరిగా ఉన్నప్పుడు జరిగే సంగతి చెప్పదు. నాలుగు రోజులుగా నేను సరైన చోటే వెతుకుతున్నాను, కానీ వెతికిన సమయం సరైనది కాదు.

ఆరవ రోజు

నేను లేనప్పుడు జరిగిన పనిని లెక్కగట్టే సాధనం కోసం ఎక్కడికో వెళ్లనవసరం లేకపోయింది. టాస్క్ మేనేజర్‌లోని డీటెయిల్స్ పేజీలో, పైనున్న వరుస మీద రైట్ క్లిక్ చేస్తే కొత్త నిలువు వరుసలు చేర్చుకోవచ్చు. వాటిలో సీపీయూ టైమ్ అనేది ఒకటి. ఆ ప్రోగ్రామ్ మొదలైనప్పటి నుంచి ప్రాసెసర్‌ను మొత్తం ఎంతసేపు వాడుకుందో అది గంటలు, నిమిషాలు, సెకన్లలో చూపుతుంది. క్షణానికో తీరుగా ఊగే శాతం అంకె కన్నా ఇది ఎన్నో రెట్లు నమ్మదగినది, ఎందుకంటే ఇది ఇంటి కరెంటు మీటరు లాంటిది. మనం చూసినా చూడకపోయినా తిరుగుతూనే ఉంటుంది, వెనక్కి తిరగదు.

అరగంటకు ముందు అంకెలు కాగితం మీద రాసుకుని, అరగంట తర్వాత మళ్లీ రాసుకుని తీసివేత చేశాను. యాంటీవైరస్ 11 నిమిషాల 20 సెకన్లు, సెర్చ్ ఇండెక్సర్ 8 నిమిషాల 50 సెకన్లు, ఫైళ్లను ఇంటర్నెట్‌లోని నిల్వకు పంపే సింక్ ప్రోగ్రామ్ 6 నిమిషాల 40 సెకన్లు వాడుకున్నాయి. నేను మొదటి నుంచీ తప్పు పడుతూ వచ్చిన బ్రౌజర్ వాడుకున్నది 48 సెకన్లు మాత్రమే.

మొదటి మూడూ కలిపితే 26 నిమిషాల 50 సెకన్లు. నా ప్రాసెసర్‌లో ఎనిమిది లాజికల్ ప్రాసెసర్లు, అంటే ఒకేసారి వేర్వేరు పనులు నడిపే ఎనిమిది దారులు, ఉన్నాయి కనుక అరగంటలో అందుబాటులో ఉన్న మొత్తం సమయం 240 నిమిషాలు, అందులో ఇది 11 శాతమే. టాస్క్ మేనేజర్ చూపే శాతం కూడా ఇలా అన్నిటి మీదా పంచి వేసినదే. 11 శాతం అనగానే నిర్లక్ష్యం చేయదగిన సంఖ్యలా వినిపిస్తుంది, నేనూ అలాగే నిర్లక్ష్యం చేశాను. కానీ ఎనిమిదింటిలో ఒకటి పూర్తిగా పనిలో ఉంటే వచ్చే అంకె 12.5 శాతం. అంటే అరగంట పొడవునా ఇంచుమించు ఒక కోర్ (ప్రాసెసర్‌లో లెక్కలు చేసే భాగం) తీరిక లేకుండా పరుగెత్తిందన్న మాట.

ఆ ఒక్క కోర్ పరుగు ఖరీదైనది కూడా. ఒకే కోర్‌కు పని పడినప్పుడు ప్రాసెసర్ దాన్ని త్వరగా ముగించాలని మామూలును మించిన టర్బో వేగానికి వెళుతుంది, ఆ వేగం నిలవడానికి వోల్టేజిని పెంచుతుంది. ఖర్చయ్యే విద్యుత్తు వేగానికి అనులోమంగానూ, వోల్టేజి వర్గానికి అనులోమంగానూ పెరుగుతుంది కనుక, చివరి కొద్దిపాటి వేగం కోసం చెల్లించే మూల్యం చాలా ఎక్కువ. కొద్ది క్షణాల్లో ముగిసే పనికి ఇది లాభమే, ఎందుకంటే పని అయిపోగానే కోర్‌లన్నీ గాఢనిద్రలోకి వెళ్లి ఆ ఖర్చును తిరిగి రాబడతాయి. ఎప్పటికీ ముగియని పనికి అదే టర్బో ఎప్పటికీ ఆరని పొయ్యి అవుతుంది.

ఏడవ రోజు

మధ్యలో ఒక ప్రయోగం చేశాను. పవర్ సెట్టింగులలో ప్రాసెసర్ గరిష్ఠ స్థితిని 100 నుంచి 99 శాతానికి తగ్గిస్తే చాలా యంత్రాల్లో టర్బో ఆగిపోతుంది. నా దగ్గరా ఆగింది. 16.1 వాట్లు 11.9కి, ఉష్ణోగ్రత 73 నుంచి 58కి దిగాయి. ఫ్యాన్ చప్పుడు వినబడడం మానేసింది. ఇక్కడితో ఆగిపోదామా అనిపించిన మాట నిజం. కానీ సీపీయూ టైమ్ చూస్తే ఆ మూడు ప్రోగ్రాములూ మునుపటిలాగే ఆగకుండా పనిచేస్తున్నాయి. జ్వరానికి మాత్ర వేసినట్లు వేడి తగ్గింది, జబ్బు అలాగే ఉంది. పైగా నేను నిజంగా పని చేసుకునేటప్పుడు కూడా యంత్రం మందకొడిగా మారింది. సెట్టింగును తిరిగి 100కి పెట్టేశాను. అత్యవసరంగా చల్లబరచవలసి వస్తే ఈ ఉపాయం పనికివస్తుంది, అంతకు మించి దీని మీద ఆధారపడకూడదన్నది నా అభిప్రాయం.

ఎనిమిదవ రోజు

ఈ మొత్తం పనిలో నాకు ఎక్కువ నేర్పిన రోజు ఇదే కనుక వివరంగా రాస్తున్నాను.

మూడు ప్రోగ్రాములు ఒకేసారి ఎందుకు రెచ్చిపోతున్నాయన్నది ప్రశ్న. మూడింటికీ వేర్వేరు కారణాలు ఉండడం కన్నా ఒకే కారణం ఉండడం సహజంగా తోచింది. రిసోర్స్ మానిటర్ తెరిచి డిస్క్ పేజీకి వెళితే, ఏ ప్రోగ్రామ్ ఏ ఫైల్‌ను చదువుతోందో, ఏ ఫైల్‌లో రాస్తోందో పేర్లతో సహా కనబడుతుంది. దాన్ని తెరిచి ఉంచి, ఫోన్ కెమెరాను తెర వైపు తిప్పి వీడియో రికార్డింగ్ పెట్టి, బయటికి వెళ్లిపోయాను. ఇరవై నిమిషాల తర్వాత వచ్చి వీడియో చూశాను.

మొదటి మూడు నిమిషాలు నిశ్శబ్దంగా గడిచాయి. తర్వాత ఒక ఫైల్ పేరు పైకి వచ్చింది. సింక్ ప్రోగ్రామ్ దానిలో రాసింది, రెండు సెకన్లలో అదే ఫైల్‌ను యాంటీవైరస్ చదివింది, ఆ వెంటనే ఇండెక్సర్ చదివింది, మళ్లీ సింక్ ప్రోగ్రామ్ రాసింది. రికార్డింగ్ ముగిసేదాకా ఇదే వరుస తిరుగుతూ ఉంది. ఆ ఫైల్ సింక్ ప్రోగ్రామ్ తన కష్టసుఖాలు రాసుకునే లాగ్ ఫైల్. అప్పటికి దాని పరిమాణం 640 మెగాబైట్లు. తెరిచి చూస్తే ఒకే వాక్యం తేదీ, సమయం మారుతూ వేల పంక్తులుగా ఉంది. ఫలానా ఫైల్ వేరే ప్రోగ్రామ్ వాడకంలో ఉన్నందున పంపలేకపోయాను, మళ్లీ ప్రయత్నిస్తాను అని.

కథ అప్పుడు అర్థమైంది. కొన్ని నెలల క్రితం, నోట్స్ రాసుకునే ప్రోగ్రామ్ డేటాబేస్‌కు ఒక నకలు భద్రంగా ఉంటుందని దాన్ని సింక్ అయ్యే ఫోల్డర్‌లోకి మార్చాను. ఆ నోట్స్ ప్రోగ్రామ్ కిటికీని మూసినా అది నిజంగా ఆగదు, గడియారం పక్కనున్న చిన్న బొమ్మల వరుసలోకి చేరి, డేటాబేస్‌ను తన అధీనంలోనే ఉంచుకుని నడుస్తూ ఉంటుంది. సింక్ ప్రోగ్రామ్ ఆ ఫైల్‌ను తీసుకోబోతుంది, దొరకదు, ఆ సంగతిని లాగ్‌లో రాస్తుంది. నా పాత సెట్టింగుల వల్ల ఆ లాగ్ కూడా సింక్ అయ్యే ఫోల్డర్‌లోనే ఉంది. లాగ్ మారింది కాబట్టి ఫోల్డర్‌లో ఏదో మారిందని సింక్ ప్రోగ్రామ్ మళ్లీ మేల్కొంటుంది, మొత్తం ఫోల్డర్‌ను పోల్చి చూస్తుంది, డేటాబేస్ దొరకదు, మళ్లీ లాగ్‌లో రాస్తుంది. రాసిన ప్రతిసారీ మారిన ఫైల్‌ను తనిఖీ చేయడం యాంటీవైరస్ ధర్మం. మారిన ఫైల్‌ను తిరిగి చదివి సూచికలో చేర్చడం ఇండెక్సర్ ధర్మం. ఒకరి పని ముగిసేసరికి మరొకరికి పని తయారవుతోంది. ముగ్గురిలో ఎవరినీ విడిగా చూసినా తప్పు కనబడదు.

యాంటీవైరస్ పద్దులో ఎక్కువ నిమిషాలు కనబడ్డాయి కదా అని ఆరవ రోజునే దాన్ని ఆపేసి ఉంటే, వాట్లు తగ్గేవి, నేను సంతోషించేవాణ్ని, యంత్రం రక్షణ లేకుండా మిగిలేది, మూలం అలాగే ఉండేది. ఈ పొరపాటు చేసినవాళ్లను చాలామందిని చూశాను కాబట్టి దీన్ని గట్టిగా చెబుతున్నాను.

సరిచేయడానికి పట్టిన సమయం పది నిమిషాలు. లాగ్ ఫైల్ చోటును సింక్ ఫోల్డర్ బయటికి మార్చాను. డేటాబేస్‌ను దాని పాత చోటికి చేర్చి, నోట్స్ ప్రోగ్రామ్‌లోనే ఉన్న ఎగుమతి సౌకర్యంతో రోజుకు ఒకసారి నకలు ఫైల్ మాత్రం సింక్ ఫోల్డర్‌లోకి వచ్చేట్లు పెట్టాను. కిటికీ మూస్తే ప్రోగ్రామ్ పూర్తిగా ముగిసేట్లు సెట్టింగు మార్చాను. యాంటీవైరస్‌లో ఏ మినహాయింపూ ఇవ్వలేదు, ఇండెక్సింగును ఆపలేదు.

అరగంట కొలతలో 4,100 మిల్లీవాట్ అవర్లు పోయాయి, అంటే 8.2 వాట్లు. ఉష్ణోగ్రత 51 డిగ్రీలు. నేను తాకనైనా తాకని యాంటీవైరస్ 11 నిమిషాల 20 సెకన్ల నుంచి 35 సెకన్లకు, ఇండెక్సర్ 12 సెకన్లకు దిగాయి. మూలాన్ని సరిగ్గానే పట్టుకున్నానని వాట్ల కన్నా ఎక్కువగా ఈ రెండు అంకెలే నాకు నిరూపించాయి.

తొమ్మిదవ రోజు

మిగిలిన చిల్లర ఖర్చు కోసం పవర్‌సీఎఫ్‌జీ ఆదేశాన్ని ఎనర్జీ అన్న మాటతో, అడ్మినిస్ట్రేటర్ హోదాలో నడిపాను. అది యంత్రాన్ని 60 సెకన్లు గమనించి నివేదిక ఇస్తుంది. అందులో ప్లాట్‌ఫామ్ టైమర్ గురించి ఒక హెచ్చరిక ఉంది. విండోస్ సాధారణంగా 15.625 మిల్లీసెకన్లకు ఒకసారి, అంటే సెకనుకు 64 సార్లు టైమర్ గంట కొడుతుంది. ఏదైనా ప్రోగ్రామ్ తనకు మరింత సూక్ష్మమైన సమయం కావాలని అడిగితే అది ఒక మిల్లీసెకనుకు ఒకసారి, అంటే సెకనుకు వెయ్యి సార్లు కూడా కావచ్చు. నివేదికలో ఇది వంద నానోసెకన్ల లెక్కలో ఉంటుంది కనుక 10000 అన్న సంఖ్య కనబడితే ఒక మిల్లీసెకను అని చదువుకోవాలి. నా దగ్గర ఆ కోరిక కోరినది, పాట ఆపేసిన తర్వాత కూడా వెనుక మిగిలిపోయిన ఒక సంగీత ప్రోగ్రామ్. సీపీయూ టైమ్‌లో దాని వాటా చాలా స్వల్పం. కానీ నిద్రపోయే మనిషిని నిమిషానికోసారి తట్టి లేపితే రాత్రంతా పడుకున్నా నిద్ర పట్టనట్లే, ఇంత తరచుగా లేపితే ప్రాసెసర్ గాఢనిద్ర స్థాయికి చేరలేదు. విన్నంతసేపు విని, తర్వాత దాన్ని పూర్తిగా ముగించడం అలవాటు చేసుకున్నాను.

ఇంకొకటి, యంత్రంలో జరిగిన సంఘటనల చిట్టా చూపే ఈవెంట్ వ్యూయర్‌లో దొరికింది. సిస్టమ్ లాగ్‌లో 7031 అనే సంఖ్యతో, ఒక సర్వీసు అనుకోకుండా ఆగిపోయిందని చెప్పే నమోదులు నిమిషానికి ఒకటి చొప్పున వరుసగా ఉన్నాయి. ఎప్పుడో తీసేసిన స్కానర్‌కు చెందిన సర్వీసు అది. పరికరం కనబడక కూలిపోతుంది, కూలిపోతే నిమిషం తర్వాత మళ్లీ మొదలుపెట్టాలని రికవరీ సెట్టింగులో రాసి ఉంది కనుక లేస్తుంది, మళ్లీ కూలిపోతుంది. ఆ సాఫ్ట్‌వేర్ మొత్తాన్ని అన్ఇన్‌స్టాల్ చేశాను. రెండు మార్పులకూ విడివిడిగా కొలతలు తీశాను, చివరికి వచ్చినది 6.4 వాట్లు, 47 డిగ్రీలు.

పదకొండవ రోజు

స్లీప్‌లో పెట్టి సంచిలో ఉంచిన ల్యాప్‌టాప్ వెచ్చగా బయటికి రావడం, రాత్రి తొమ్మిది గంటల్లో 31 శాతం చార్జింగ్ పోవడం అనే విషయాలు మిగిలాయి. నా యంత్రంలో ఉన్నది మోడర్న్ స్టాండ్‌బై. పాత పద్ధతి స్లీప్‌లా ప్రాసెసర్ విద్యుత్తు పూర్తిగా ఆగిపోదు, తెర ఆరిపోయినా యంత్రం అతి తక్కువ ఖర్చుతో నడిచే స్థితిలో ఉండి, అవసరమైనప్పుడు కాసేపు మేల్కొంటుంది. ఆ మేలుకొలుపులు ఎక్కువైతే మూత మూసిన యంత్రం మూసిన సంచిలో వేడెక్కుతుంది, ఆ వేడి పోయే దారి కూడా ఉండదు. పవర్‌సీఎఫ్‌జీ ఆదేశంతోనే వచ్చే స్లీప్ స్టడీ నివేదికలో ప్రతి స్లీప్ విరామం ఒక వరుసగా, అందులో ఎంత శక్తి పోయింది, ఎవరు మేల్కొలిపారు అన్న వివరాలతో ఉంటుంది.

నా నివేదికలో పదేపదే కనబడినది ఒక అప్‌డేట్ సహాయక ప్రోగ్రామ్. టాస్క్ షెడ్యూలర్‌లో దాని పనిని తెరిచి, కండిషన్స్ పేజీలో, పని కోసం కంప్యూటర్‌ను మేల్కొలపాలన్న టిక్కు తీసేసి, చార్జర్ మీద ఉన్నప్పుడే మొదలవ్వాలన్న టిక్కు పెట్టాను. గంటసేపు స్లీప్‌లో ఉంటే హైబర్నేట్‌లోకి వెళ్లేట్లు కూడా మార్చాను. హైబర్నేట్‌లో మెమరీలోని సంగతులన్నీ డిస్క్ మీదికి వెళతాయి కనుక తర్వాత యంత్రానికి దాదాపు విద్యుత్తు అక్కర్లేదు. తిరిగి లేవడానికి కొన్ని సెకన్లు ఎక్కువ పడుతుంది, దానికి నేను సిద్ధమే. ఆ రాత్రి పోయిన చార్జింగ్ 3 శాతం.

పన్నెండవ రోజు

మామూలు పనితో పరీక్షించాను. రాతపని, పదిహేను దాకా బ్రౌజర్ ట్యాబులు, మధ్యలో ఒక వీడియో కాల్. బ్యాటరీ 4 గంటల 20 నిమిషాలు వచ్చింది. కాల్ జరిగిన ఇరవై నిమిషాలు తప్ప ఫ్యాన్ వినబడలేదు.

50,000 నుంచి 38,600కి పడిపోయిన సామర్థ్యం ఇక తిరిగి రాదు. లిథియం అయాన్ బ్యాటరీకి వేడి, ఎక్కువకాలం నిండు చార్జ్‌లో ఉండడం రెండూ చేటు, నా యంత్రం నెలల తరబడి ఆ రెండింటినీ కలిపి భరించింది. ఇప్పటికి, బల్ల మీద చార్జర్‌కు తగిలించి వాడే రోజుల కోసం చార్జింగ్ పరిమితిని 80 శాతానికి పెట్టాను. సీపీయూ టైమ్ వరుసను టాస్క్ మేనేజర్‌లో శాశ్వతంగా ఉంచేశాను. ఈ రోజు అంకెలు కాగితం మీద రాసి ఉన్నాయి. కొత్త ప్రోగ్రామ్ ఏదైనా పెట్టిన మరుసటి రోజు, అదే అరగంట పరీక్షలో 6.4 వాట్ల పక్కన కొత్త అంకె రాస్తాను.